మెదడులోని తూములు: గ్లుటమేట్ గ్రాహకాలు

మానవ దేహంలో మస్తిష్కానికి గల ప్రాధాన్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. సుమారు 1,400 గ్రాముల బరువు గల ఈ అవయవం దేహపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే. అయినా మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు ఐదవ వంతును అదే వినియోగించుకొంటున్నది. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నట్లు శాస్త్రజ్ఞులు లెక్కించారు. ఈ కణాలు ఒకదానితో ఒకటి ఏ భాషలో మాట్లాడుకొంటున్నవి? ఆ భాషలో మాట మితిమీరినపుడు ఏమి జరుగుతున్నది? ఈ రెండు ప్రశ్నలకు తెలిసినంతమేరకు సమాధానం చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము విజ్ఞానశాస్త్ర బోధకులం కాము. తెలుగు పాఠం చెప్పుకొనేవారం. అయినా ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి రెండు కారణాలు కలవు. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులు జీవశాస్త్రంలోని క్రొత్త సంగతులు తమ భాషలో చదువుకొనడానికి దొరకవని తరచు అంటూ ఉంటారు. అది మొదటి కారణం. రెండవది మా కుటుంబానికి సంబంధించినది. దానిని సందర్భం వచ్చినపుడు విన్నవించుకొంటాము.

గ్లుటమేట్ అనగా ఏమి?

గ్లుటమేట్ అనేది గ్లుటామిక్ ఆమ్లం యొక్క ఒక రూపం. మాంసకృత్తులను నిర్మించే ఇరవై అమైనో ఆమ్లాలలో ఇది ఒకటి. 1866లో రిట్‌హౌసెన్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు గోధుమపిండిలోని గ్లూటెన్ అనే జిగురు పదార్థం నుండి దీనిని మొదట వేరుచేశాడు. గ్లూటెన్ నుండి లభించినది కనుక ఆ పేరు వచ్చినది. 1908లో టోక్యో నగరంలో ఇకెడా అనే ఆచార్యుడు జపానువారు చారు కాచుకొనే ఒక సముద్రపు నాచు రుచికి మూలం ఇదేనని గుర్తించాడు. ఆ మరుసటి సంవత్సరమే అది అజినోమోటో అనే పేరుతో బజారులోకి వచ్చినది. ఆ విధంగా గ్లుటమేట్ మొదట వంటింటికి పరిచయమైనది. మెదడుకు దానితో గల సంబంధం చాలాకాలానికిగాని తెలియలేదు.

1950 దశకంలో జపానుకు చెందిన హయాషి అనే శాస్త్రజ్ఞుడు జంతువుల మెదడు ఉపరితలంపై గ్లుటమేట్ ద్రావణాన్ని ప్రయోగించగా మూర్ఛ వంటి వణుకు పుట్టినది. 1959 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో కర్టిస్, ఫిలిస్, వాట్‌కిన్స్ అనే ముగ్గురు వెన్నుపాములోని నాడీకణాల దగ్గర గ్లుటమేట్‌ను చేర్చి చూచారు. ప్రతి కణమూ ఉత్తేజం పొందినది. విచిత్రమేమనగా, ఇది దాదాపు అన్ని కణాలనూ ఉత్తేజపరుస్తున్నది కనుక ప్రత్యేకమైన వార్తాహరి కాజాలదని వారే మొదట సందేహించారు. ఆ సందేహం తీరడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టినది. నేడు మెదడులో ఉత్తేజాన్ని కలిగించే వార్తలలో అత్యధిక భాగాన్ని మోసేది గ్లుటమేటేనని అందరూ అంగీకరించారు.

ఒక నాడీకణానికీ మరొక దానికీ నడుమ సన్నని ఎడం ఉన్నది. దానిని నాడీసంధి అంటారు. ఆ ఎడం వెడల్పు మిల్లీమీటరులో యాభైవేలవ వంతు మాత్రమే. మొదటి కణంలో విద్యుత్ సంకేతం కొసవరకు వచ్చినపుడు, అక్కడ చిన్న చిన్న తిత్తులలో సిద్ధంగా ఉన్న గ్లుటమేట్ ఆ ఎడంలోకి విడుదలవుతుంది. అవతలి గట్టున రెండవ కణం పొరలో దానికోసం వేచి ఉండే మాంసకృత్తులు కలవు. అవే గ్రాహకాలు. గ్లుటమేట్ వచ్చి తగులగానే గ్రాహకం తెరచుకొంటుంది. వార్త రెండవ కణంలోకి ప్రవేశిస్తుంది.

పని ముగియగానే గ్లుటమేట్‌ను అక్కడినుండి తొలగించడం కూడ అంతే ముఖ్యం. ప్రక్కనే ఉండే ఆస్ట్రోసైట్లు అనే పోషక కణాలు దానిని వెంటనే లోనికి లాగుకొని, గ్లుటమిన్ అనే నిరపాయమైన పదార్థంగా మార్చి, తిరిగి నాడీకణానికి అందిస్తున్నవి. కణాల లోపల ఉండే గ్లుటమేట్ బయట ఉండేదానికంటె కొన్నివేల రెట్లు ఎక్కువ. ఈ వ్యత్యాసాన్ని నిలబెట్టుటకు మెదడు రాత్రింబవళ్లు శక్తిని ఖర్చు చేస్తున్నది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన. ముందు దీనితో పని ఉన్నది.

గ్రాహకాల రకాలు

గ్లుటమేట్ గ్రాహకాలను చెరువు తూముతో పోల్చవచ్చును. తూము తెరిస్తే నీరు పొలానికి పారినట్లు, గ్రాహకం తెరచుకొంటే విద్యుదావేశం గల అయానులు కణంలోకి పారుతున్నవి. ఇట్టి తూముల వంటి గ్రాహకాలు ముఖ్యంగా మూడు రకాలు: ఆంపా, ఎన్.ఎం.డి.ఏ., కైనేట్. ఏ రసాయనానికి ఏది ప్రత్యేకంగా స్పందిస్తుందో ఆ రసాయనం పేరే దానికి పెట్టారు. ఇవిగాక, తూము లేకుండ కణం లోపలి రసాయన చర్యలను నెమ్మదిగా మార్చే గ్రాహకాలు మరి ఎనిమిది కలవు. 1989లో అమెరికాలోని సాల్క్ సంస్థలోను, 1991లో జపానులోని క్యోటోలోను ఈ గ్రాహకాల జన్యువులను వేరుచేసిన పిమ్మట వాటి నిర్మాణం వివరంగా తెలియసాగినది.

ఆంపా గ్రాహకం చురుకైనది. గ్లుటమేట్ తగిలిన వేయవ వంతు సెకనులోపల తెరచుకొని సోడియం అయానులను లోనికి విడుస్తుంది, వెంటనే మూసుకొంటుంది. మనం చూచుట, వినుట, చేయి కదలించుట మొదలైన క్షణక్షణపు పనులలో ప్రధాన పాత్ర దీనిదే.

ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకం స్వభావం వేరు. దానికి గ్లుటమేట్ ఒక్కటే చాలదు. గ్లైసిన్ గాని, డి-సెరిన్ గాని తోడుగా ఉండవలెను. అంతేకాదు, ఆ తూము నోటికి మెగ్నీషియం అయాను ఒకటి బిరడావలె అడ్డుపడి ఉంటుంది. 1984లో పారిస్‌లో ఒక బృందం, అమెరికాలో మరొక బృందం ఈ రహస్యాన్ని విడివిడిగా కనుగొన్నారు. రెండవ కణం అప్పటికే కొంత ఉత్తేజం పొంది ఉంటేనే ఆ బిరడా తొలగుతుంది. అనగా, ఇవతలి కణం పిలిచినపుడు అవతలి కణం కూడ మెలకువగా ఉంటేగాని ఈ తూము తెరచుకోదు. తెరచుకొన్నపుడు సోడియంతోబాటు కాల్షియం అయానులు కూడ లోనికి వస్తున్నవి. ఈ కాల్షియమే మన చర్చకు కేంద్రం.

జ్ఞాపకం ఏర్పడు విధం

1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేలు మెదడులో హిప్పోకాంపస్ అనే భాగానికి వేగంగా వరుస సంకేతాలను పంపించారు. ఆ తరువాత అక్కడి నాడీసంధులు చాలాసేపు మునుపటికంటె బలంగా స్పందించినట్లు వారు ప్రకటించారు. ఒకసారి నడచిన దారి రెండవసారి సుగమమైనట్లన్నమాట. ఈ బలం ఎట్లు వచ్చినది? ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకం ద్వారా ప్రవేశించిన కాల్షియం కణంలోని కొన్ని ఎంజైములను మేల్కొలుపుతుంది. అవి ఆ సంధి వద్దకు మరికొన్ని ఆంపా గ్రాహకాలను తెచ్చి నిలుపుతున్నవి. తూములు పెరిగినవి కనుక తరువాత వచ్చే సంకేతానికి ప్రవాహం కూడ పెరుగుతుంది.

1986లో స్కాట్లండుకు చెందిన మోరిస్, ఆయన సహచరులు ఎలుకలపై ఒక ప్రయోగం చేశారు. పాల వలె తెల్లగా కలచిన నీటి తొట్టిలో, నీటి అడుగున కనబడని చిన్న తిన్నె ఒకటి ఉంచారు. మామూలు ఎలుకలు కొన్నిసార్లు ఈదిన తరువాత ఆ తిన్నె చోటును గుర్తుపెట్టుకొని తిన్నగా అక్కడికే పోయినవి. ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాలను అడ్డగించే మందు ఇచ్చిన ఎలుకలు ఈదగలిగినవిగాని, ఆ చోటును సరిగా నేర్వలేకపోయినవి. చూపు ఉన్నది, కాళ్లలో బలం ఉన్నది. నేర్చుకొనే తూము మాత్రం మూతబడినది.

విద్యార్థి మిత్రులకు ఇందులో ఒక హితవు ఉన్నది. ఒక పద్యం పదిసార్లు వల్లించినపుడు నోటికి రావడం వెనుక ఇట్టి భౌతికమైన మార్పు కొంత జరుగుచున్నది. పరీక్ష ముందురాత్రి ఒక్కసారిగా చదివిన చదువుకంటె, దినాలు విడచి మరల మరల చదివినది ఎక్కువ కాలం నిలుచుట అందరికీ అనుభవమే.

తూము గండి అయినపుడు

తూము గుండా కొలతతో వచ్చిన నీరు పంటను పండిస్తుంది. అదే నీరు గండి కొట్టుకొని వస్తే పొలాన్ని ఇసుక మేట వేసి పోతుంది. 1957లో ఇంగ్లండులో లూకాస్, న్యూహౌస్ అనేవారు ఎలుక పిల్లలకు గ్లుటమేట్‌ను సూదిమందుగా ఇవ్వగా వాటి కంటిలోని నాడీపొర చెడిపోయినది. 1969లో అమెరికాలో జాన్ ఓల్నీ అనే వైద్యుడు అదే విధంగా మెదడులోని కణాలు సైతం నశించుటను చూపించాడు. కణాలు ఆకలితో కాదు, అతి ఉత్తేజంతో చనిపోతున్నవని ఆయన సిద్ధాంతీకరించాడు. దీనిని తెలుగులో ఉత్తేజ విషత్వం అనవచ్చును.

జరిగేది ఇది. గ్రాహకాలు మూసుకొనకుండ ఉండిపోతే సోడియం అదుపులేకుండ కణంలో చేరుతుంది. దాని వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. కాల్షియం వెల్లువగా వచ్చినపుడు, మితంగా ఉంటే జ్ఞాపకాన్ని నిర్మించిన ఆ ఎంజైములకు తోడు మరికొన్ని ఎంజైములు కూడ లేచి కణపు గోడలను, మాంసకృత్తులను, జన్యుపదార్థాన్ని కోసివేయడం ప్రారంభిస్తున్నవి. శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియాలు కాల్షియం బరువుకు కుంగిపోతున్నవి. చనిపోయిన కణం పగిలి తనలోని గ్లుటమేట్‌ను బయటకు విడువగా, అది ప్రక్క కణానికి అదే గతి పట్టిస్తుంది. నిప్పు ఒక గడ్డివామి నుండి మరొక దానికి అంటుకొన్నట్లు నష్టం ప్రాకుతుంది.

ఇక్కడ ఒక సందేహం సహజంగా కలుగుతుంది: అజినోమోటో వేసిన వంటకం తింటే మెదడు చెడునా? ఓల్నీ ప్రయోగాలలో ఎలుక పిల్లలకు ఇచ్చినది చాలా పెద్ద మోతాదు. మనం ఆహారంలో తినే గ్లుటమేట్‌లో అత్యధిక భాగాన్ని ప్రేగులలోని కణాలే ఇంధనంగా వాడుకొంటున్నవి. రక్తంలోకి చేరిన కొద్దిపాటిని మెదడు రక్తనాళాల గోడలు సులభంగా లోనికి రానివ్వవు. టొమాటోలో, తల్లిపాలలో కూడ సహజంగానే గ్లుటమేట్ ఉన్నది. కాబట్టి మితంగా తినే ఆహారం వలన పెద్దలకు ఇట్టి భయం లేదు. అయితే గ్లుటమేట్ వేషం వేసుకొని, అది వెళ్లలేని చోటికి వెళ్లి, గ్రాహకాలను మోసగించే పదార్థాలు ప్రకృతిలో కొన్ని కలవు. అసలు భయం వాటి వలననే. వాటిలో ఒకటి మన దేశంలో ఎందరినో కుంటివారిని చేసినది.

లంకపప్పు చెప్పిన పాఠం

హిందీలో ఖేసారి అనియు, తెలుగులో లంకపప్పు అనియు పిలువబడే పప్పుధాన్యం ఒకటి కలదు. చూచుటకు కందిపప్పును పోలి ఉంటుంది. వర్షాలు లేకపోయినా, పొలం మునిగినా, మిగిలిన పంటలన్నీ పోయినా ఈ మొక్క మాత్రం కాస్తుంది. కనుకనే ఇది కరువు కాలపు పంట అయినది. త్రిపుట అనే పేరుతో ఈ ధాన్యాన్ని, అది మనిషిని కుంటివానిని చేయుటను భావప్రకాశమనే వైద్యగ్రంథం ప్రస్తావించినది.

మధ్యభారతంలోని సాగర్ ప్రాంతంలో 1829 నుండి వరుసగా గోధుమ పంటలు దెబ్బతిన్నవి. ప్రజలు ఈ గింజలపై ఆధారపడవలసి వచ్చినది. 1833 నాటికి ముప్పై ఏండ్లలోపు యువకులకు నడుము క్రింద అవయవాలు పట్టు తప్పసాగిన సంగతిని స్లీమన్ అనే ఆంగ్లేయ అధికారి 1844లో వెలువడిన తన గ్రంథంలో వ్రాశాడు. ఇరవయ్యవ శతాబ్దంలో కూడ రీవా ప్రాంతంలో భూస్వాములు కూలీలకు డబ్బుకు బదులు ఈ గింజలనే కొలిచి యిచ్చిన ఆచారం ఉండెను. తినకపోతే ఆకలి, తింటే కుంటితనం. ఈ వ్యాధికి లాథిరిజం అని పేరు.

ఇది మన దేశానికే పరిమితమైనది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, నేటి ఉక్రెయిన్‌లోని వాప్నియార్కా నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు ఈ గింజలనే ప్రధానాహారంగా పెట్టారు. 1942-43 చలికాలంలో వందలాదిమందికి కాళ్లు పడిపోయినవి. వ్యాధిని గుర్తించి దానికి ఈ ఆహారమే కారణమని తెలియజేసినది ఆర్థర్ కెస్లర్ అనే వైద్యుడు. ఆయన కూడ ఆ శిబిరంలో ఖైదీయే.

ఈ గింజలలోని విషం ఏమిటో కనుగొన్నది భారతీయ శాస్త్రజ్ఞులే అని చెప్పుకొనుటకు మనం గర్వపడవచ్చును. 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అదిగ, పి.ఎస్. శర్మ అనే ముగ్గురు ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేసి దాని నిర్మాణాన్ని నిర్ణయించారు. పొడవైన ఆ రసాయన నామాన్ని కుదించి ఓడాప్ అంటారు. అదే సంవత్సరంలో ఢిల్లీలో టి.ఆర్. శేషాద్రి బృందం సైతం ఈ విషాన్ని గురించి ప్రకటించినది. ఈ శేషాద్రిగారు అంతకు పూర్వం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించినవారు. ఎస్.ఎల్.ఎన్. రావుగారు తరువాత హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చి, గింజలలో ఓడాప్ ఎంత ఉన్నదో రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1978లో ప్రకటించారు.

ఓడాప్ ఆకృతి గ్లుటమేట్‌ను పోలి ఉండుటయే దాని దుష్టత్వానికి మూలం. అది ఆంపా గ్రాహకాలను పట్టుకొని వాటిని అనవసరంగా తెరుస్తుంది. మెదడు నుండి బయలుదేరి వెన్నుపాము అడుగుభాగం వరకు దిగే పొడవైన నాడులు ముందుగా దెబ్బతింటున్నవి. అందుచేత కాళ్లు బిగుసుకొనిపోయి, రోగి మునివేళ్లపై, కత్తెరవలె కాళ్లు పెనవేసుకొంటూ, కర్ర ఊతతో నడుస్తాడు. తరచు కొన్ని వారాలు, నెలలపాటు ఇదే ముఖ్యాహారమైన వారికే ఈ గతి పడుతుంది. తెలివి చెడదు, స్పర్శ పోదు. ఆయుర్దాయం కూడ అంతగా తగ్గదు. అనగా మిగిలిన జీవితమంతా తన దుఃస్థితిని తెలిసికొంటూనే బ్రదుకవలెను. పోయిన బలం తిరిగి రాదు.

నివారణ మాత్రం కష్టమైనది కాదు. ఓడాప్ నీటిలో కరుగుతుంది. గింజలను వేడినీటిలో నానబెట్టి లేక ఉడికించి, ఆ నీటిని పారబోస్తే విషంలో చాలభాగం తొలగుతుందని హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1966లో చూపించారు. విషం తక్కువగా ఉండే రతన్, మహాతియోరా వంటి విత్తన రకాలు కూడ తరువాత వచ్చినవి. ఈ పప్పు అమ్మకాన్ని 1961లో ప్రభుత్వం నిషేధించినది. కాని పండించే రాష్ట్రాలు కొన్ని దానిని అమలుపరచలేదు. కందిపప్పులో, శనగపిండిలో దీనిని కలిపే వ్యాపారుల మోసం వలన నిషేధం నిజంగా ఎంతవరకు ప్రజలకు మేలు చేసినదో ఆలోచింపవలసి ఉన్నది. విషాన్ని కొలిచే పద్ధతి చేతికి వచ్చినది. నానబెట్టి పారబోసే ఉపాయం తెలిసినది. కాని ఆ గింజ తప్ప వేరే గతి లేని కూలివాని పేదరికానికి ప్రయోగశాలలో మందు దొరకదు.

పక్షవాతం: లోపలినుండి వచ్చే గండి

లంకపప్పు విషం బయటనుండి వచ్చినది. కాని మెదడులో ఉన్న గ్లుటమేటే శత్రువుగా మారే సందర్భం ఒకటి కలదు. అదే పక్షవాతం.

గ్లుటమేట్‌ను కణాల లోపలనే ఉంచుటకు మెదడు నిరంతరం శక్తిని ఖర్చుచేస్తున్నదని పైన విన్నవించితిమి. మెదడులోని రక్తనాళానికి గడ్డ అడ్డుపడినపుడు ఆ భాగానికి ప్రాణవాయువు, చక్కెర అందవు. నిమిషాలలో శక్తి అడుగంటుతుంది. గ్లుటమేట్‌ను లోనికి లాగవలసిన యంత్రాంగం ఆగిపోవుటయేగాక, తిరగబడి దానినే బయటకు త్రోయడం మొదలిడుతుంది. ఎన్.ఎం.డి.ఏ. తూముల బిరడాలు తొలగుతున్నవి, కాల్షియం వెల్లువెత్తుతున్నది. అడ్డంకి పడిన నడిభాగం త్వరలోనే చనిపోతుంది. దాని చుట్టు ఉండే భాగం మాత్రం కొన్ని గంటలపాటు చావుబ్రతుకుల మధ్య ఊగులాడుతుంది. పెద్ద రక్తనాళం మూసుకొనిపోయిన సాధారణ రోగిలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తున్నవని 2006లో ఒక అంచనా వెలువడినది.

మా మేనమామగారి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఒకనాడు దీపాలు పెట్టే వేళ ఆయన మాట తడబడినది. కుడిచేతిలోని టీ గ్లాసు జారి పడినది. ఇంటివారు అలసట అనుకొన్నారు. చేతికి నూనె మర్దన చేసి, కప్పి పడుకోబెట్టి, తెల్లవారిన తరువాత చూద్దామనుకొన్నారు. ఆ నిర్ణయం చేసిన వారిలో చదువుకొన్న మేమూ ఉంటిమి. తెల్లవారేసరికి ఆయన కుడిభాగం పూర్తిగా పడిపోయినది. మా అందరికీ ఉర్దూ పద్యాలు వినిపించిన ఆ కంఠం తరువాత నాలుగైదు మాటలకంటె ఎక్కువ పలుకలేకపోయినది. ఆ రాత్రి మేము ఊరకే కూర్చున్న ప్రతి గంటలో ఆయన మెదడులో ఏమి జరిగినదో ఈ విషయాలు చదివిన తరువాత మాకు బోధపడినది. ఈ వ్యాసానికి అది రెండవ కారణం.

కనుక విద్యార్థులు ఇంటింటా చెప్పవలసిన మాట ఇది. ముఖం ఒకవైపుకు వాలినా, ఒక చేయి పైకెత్తలేకపోయినా, మాట తడబడినా, తెల్లవారేవరకు ఆగరాదు. మర్దనలతో కాలం గడపరాదు. 2005లో హైదరాబాదులో ప్రారంభమైన 108 వాహనాన్ని పిలిచి, మెదడు స్కానింగు సౌకర్యం గల ఆసుపత్రికి చేర్చవలెను. గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపల ఇస్తేనే ప్రయోజనం. రక్తనాళం చిట్లి రక్తస్రావమైన రోగికి అదే మందు ప్రమాదకరం. అది తేల్చేది స్కానింగే. లక్షణం మొదట కనబడిన సమయం ఎంతో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను.

తూమును మూసివేయవచ్చునా?

నష్టానికి మూలం గ్రాహకమే అయినపుడు దానిని మూసివేస్తే సరిపోదా అని తోచును. శాస్త్రజ్ఞులకూ అట్లే తోచినది. 1990 దశకంలో ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాలను అడ్డగించే మందులు కొన్నింటిని పక్షవాత రోగులపై పరీక్షించారు. జంతువులలో ఫలించిన ఆ మందులు మనుష్యులలో విఫలమైనవి. రోగి ఆసుపత్రికి చేరేసరికే వెల్లువ వచ్చిపోవుట ఒక కారణం. బ్రదికి ఉన్న భాగానికి కూడ ఆ గ్రాహకాలు అవసరమగుట, వాటిని మూసినపుడు భ్రమలు, కలవరం కలుగుట మరొక కారణం.

గ్రాహకాలు మూతబడితే ఏమవునో ఒక వ్యాధి స్పష్టంగా చూపుతున్నది. 2007లో డాల్మౌ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీనిని వివరించారు. ఇందులో దేహపు రక్షణ వ్యవస్థయే పొరబడి ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాలపై దాడి చేస్తుంది. ఎక్కువగా యువతులకు వచ్చే ఈ వ్యాధిలో, నిన్నటివరకు బాగున్న పిల్ల హఠాత్తుగా అర్థంలేని మాటలాడుతుంది, లేనివి కనబడుతున్నవంటుంది, మూర్ఛలు వస్తున్నవి. ఇట్టి పిల్లకు దయ్యం పట్టినదని భావించి తాయెత్తులతో, భూతవైద్యంతో కాలం గడిపే కుటుంబాలు మన ప్రాంతంలో లేకపోలేదు. సకాలంలో గుర్తించి చికిత్స చేస్తే వీరిలో చాలమంది కోలుకొంటున్నారు. ఈ మాట ఒక్క కుటుంబానికి చేరినా ఈ పుటలు సార్థకం.

కాబట్టి వైద్యులు పూర్తిగా మూయడం మాని, అదుపు చేయు మార్గాన్ని పట్టారు. మెమాంటిన్ అనే మందు అతిగా తెరచుకొన్న ఎన్.ఎం.డి.ఏ. తూములను మాత్రమే ఎక్కువగా అడ్డగించి, మామూలు రాకపోకలను అంతగా భంగపరచదు. దీనిని అల్జైమర్ మతిమరుపు వ్యాధికి 2003లో అమెరికా ప్రభుత్వం అనుమతించినది. కండరాలను నడిపే నాడులు క్షీణించే వ్యాధికి 1995లో వచ్చిన రిలుజోల్ గ్లుటమేట్ విడుదలను తగ్గిస్తుంది. ఆంపా గ్రాహకాలను అడ్డగించే పెరంపానెల్ 2012 నుండి మూర్ఛవ్యాధిలో ఉపయోగపడుతున్నది. ఇవేవీ వ్యాధిని నిర్మూలించేవి కావు. కొంత ఉపశమనం, కొంత వ్యవధి ఇచ్చేవి మాత్రమే.

ముగింపు

పైన చెప్పిన అంతటినుండి గ్రహింపదగినది ఒక్కటి. విద్యను లోనికి తెచ్చే తూమూ, నాశనాన్ని తెచ్చే గండీ మెదడులో వేరు వేరు చోట్ల లేవు. ఒకే గ్రాహకం, ఒకే కాల్షియం. తేడా కొలతలోను, కాలంలోను మాత్రమే ఉన్నది. అతి సర్వత్ర వర్జయేత్ అని సంస్కృతంలో పెద్దలన్నదీ, ఎతెదాల్ అని ఉర్దూలో మనం చెప్పుకొనేదీ నాడీకణం నిత్యం పాటించే ధర్మమే.

ఆ కొలతను కాపాడుట కొంతవరకు మన చేతులలో కూడ ఉన్నది. బజారులో కొన్న పప్పును పరీక్షగా చూచుటలో, మాట తడబడిన పెద్దవారిని ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చుటలో, మతి చలించిన పిల్లను వైద్యునికి చూపుటలో అది ఉన్నది. కళాశాల కార్యవర్గంవారికి ఒక మనవి. మన విద్యార్థుల చేత పక్షవాత లక్షణాలను ఉర్దూలోను, తెలుగులోను పెద్ద అక్షరాలతో వ్రాయించి, కళాశాల ద్వారం వద్దను, మన బస్తీలోని కూడళ్లలోను పెట్టించినచో బాగుండును. ఖర్చు అల్పం. మా ఇంటిలో ఆ రాత్రి అట్టి కాగితం ఒకటి ఎవరి దృష్టిలోనైనా ఉండి ఉంటే, మా మామూజాన్ ఈ సంచికను అందుకొని, అందులోని ఉర్దూ భాగాన్ని బిగ్గరగా చదివి వినిపించేవారేమో.